లోకస్ స్టాండి: పిటిషన్‌కా, పిటిషనర్‌కా?

(అక్క లాయరు. తమ్ముడు పేపర్ డెస్కులో సబ్ ఎడిటర్.)

తమ్ముడు: "పిటిషన్‌కు లోకస్ స్టాండి లేదు: హైకోర్టు" అని హెడ్డింగ్ పెట్టాను. కేసు కొట్టేశారని అందరికీ అర్థమైంది కదక్కా, ఇంకేం కావాలి?

అక్క: తప్పుగా అర్థమైందిరా. నీ వార్త కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని ఒక రైతు నా దగ్గరకొచ్చాడు. "నా పొలానికి పరిహారం ఇక రాదా అమ్మా?" అని అడుగుతుంటే చేతులు వణుకుతున్నాయి. కేసు వేసింది ఆయన బావమరిది. పొలం బావమరిదిది కాదు కాబట్టి అతనికి అడిగే హక్కు లేదంది కోర్టు. పరిహారం గురించి ఏమీ తేల్చలేదు. ఆ రైతు తన పేరున మళ్లీ వేసుకోవచ్చు.

తమ్ముడు: అదంతా హెడ్డింగులో పట్టదు.

అక్క: "పిటిషనర్‌కు" అంటే ఒక్క అక్షరమే కదా ఎక్కువ! లోకస్ స్టాండి అంటే లాటిన్‌లో నిలబడే చోటు, అంటే కోర్టుకు వచ్చి అడిగే హక్కు. కోర్టు ముందు నిలబడేది మనిషి. పిటిషన్‌కు ఉండాల్సింది విచారణార్హత, అంటే ఆ కోర్టు దాన్ని వినడానికి వీలుండటం. వేసినవాడికి హక్కున్నా, వెళ్లాల్సిన కోర్టు వేరైతే ఆ విచారణార్హత ఉండదు.

తమ్ముడు: మీ కోర్టులే ఆ మాటను సాగదీశాయిగా! 1981లో ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ భగవతి, పేదల తరఫున వేరేవాళ్లూ రావచ్చన్నారు.

అక్క: పేదరికం వల్ల రాలేనివాళ్ల కోసం సదుద్దేశంతో వచ్చేవాళ్లనూ రానిచ్చారు. అప్పుడూ చూసింది వచ్చిన మనిషినే.

తమ్ముడు: జనం వాడుకలో అది ఎప్పుడో మారిపోయింది. "నీకు లోకస్ లేదు" అంటే నోరు మూసుకోమని.

అక్క: నాకు కోపం వచ్చేది అక్కడే. సమాచార హక్కు దరఖాస్తు పట్టుకెళ్తే "నీకేం సంబంధం, నీకు లోకస్ లేదు" అంటారు. 2005 చట్టం సెక్షన్ 6(2) ప్రకారం ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదు. నేరంపై ఫిర్యాదుకూ అంతే. చట్టం ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఎవరైనా ఇవ్వొచ్చని 1984లో మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అంతులే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవేవీ తెలియనివాళ్లు ఆ లాటిన్ మాటకు జడిసి వెనక్కెళ్లిపోతున్నారు.

తమ్ముడు: అలాగైతే లాటినే వద్దు. "కేసు వేసే హక్కు పిటిషనర్‌కు లేదు" అంటాను.

అక్క: హాయిగా ఉంది. కింద, పరిహారంపై కోర్టు ఏమీ తేల్చలేదని ఒక లైను రాయి.

తమ్ముడు: సరే, రేపు లోపలి పేజీలో సవరణ వేయిస్తా.

అక్క: వార్త వచ్చిన పేజీలోనే వేయించు. ఆయన చూసేది అదే.