ఆస్కార్, నల్ల పట్టీలు, ఏడు నిమిషాలు: ఆ మెసేజ్‌లో నిజమెంత?

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పాత సినిమా అభిమానుల గ్రూపుల్లో ఒక పొడుగాటి మెసేజ్ తిరుగుతోంది. అవార్డుల సీజన్ రాగానే మళ్ళీ పైకి తేలుతుంది. ‘మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్ళు గర్వంగా షేర్ చేయండి’ అని మొదలై, ఆరు సంగతులు చెబుతుంది. ప్రభుత్వం పంపితే ఆర్‌ఆర్‌ఆర్ ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిందట. అంతకుముందు స్వాతిముత్యం ఆస్కార్‌కు నామినేట్ అయిందట, శంకరాభరణం జాతీయ ఉత్తమ చిత్రమట. బాలు గారి ఆరు జాతీయ అవార్డులూ తెలుగు పాటలకేనట. టీవీలో పాత సినిమాకు రెండు పక్కలా కనపడే నల్ల పట్టీలు చానల్ చేసిన కోత, రిమోట్‌లో జూమ్ నొక్కితే బొమ్మ పూర్తిగా వస్తుందట. ప్రతి పాత సినిమాలోనూ చానళ్ళు ఏడు నిమిషాలు కత్తిరిస్తాయట. చివరగా, అప్పట్లో రంగుల ఫిల్మ్ లేక బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు కాబట్టి రంగులేసిన మాయాబజారే చూడాలట.

రాసినవాళ్ళకు పాత సినిమా అంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ ఈ ఆరింటిలో ఏదీ నిలబడదు. పైగా నాలుగోదాన్ని నమ్మి జూమ్ నొక్కినవాళ్ళు బొమ్మలో పావు వంతు పోగొట్టుకుని సినిమా చూస్తున్నారు.

‘ఆర్‌ఆర్‌ఆర్ ఉత్తమ చిత్రం’ అన్న మాట ముందు చూద్దాం. 95వ ఆస్కార్ వేడుక మన టైము ప్రకారం 2023 మార్చి 13 తెల్లవారుజామున జరిగింది. గెలిచింది ‘నాటు నాటు’, ఉత్తమ ఒరిజినల్ సాంగ్ విభాగంలో. ప్రతిమలు అందుకున్నది సంగీతం చేసిన కీరవాణి, పాట రాసిన చంద్రబోస్. ఆ విభాగంలో అవార్డు పాట కట్టినవాళ్ళదీ రాసినవాళ్ళదీ. పాడినవాళ్ళకు, నటులకు, దర్శకుడికి అది రాదు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ వేదిక మీద పాట పాడారు, అది వేరే గౌరవం.

ప్రభుత్వం పంపిందన్నదీ తప్పే. మన దేశం తరఫున ఒక సినిమాను ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఆ ఎంపిక ‘అంతర్జాతీయ చిత్రం’ అనే ఒక్క విభాగానికే. ఆ ఏడాది వెళ్ళింది ‘ఛెల్లో షో’ అనే గుజరాతీ సినిమా. ఆర్‌ఆర్‌ఆర్ వాళ్ళు మామూలు విభాగాల్లో సొంతంగా పోటీకి దిగారు. దానికి దేశం ఆమోదం అక్కర్లేదు. ఆస్కార్ ఇచ్చే అకాడమీ చెప్పిన అమెరికా నగరాల్లో ఏదో ఒకదాంట్లో సినిమా వరసగా ఏడు రోజులు టికెట్ పెట్టి ఆడాలి, దరఖాస్తు పెట్టాలి. పాటల విభాగంలో ముందు 15 పాటలను ఏరతారు, అందులోంచి 5 నామినేషన్లు. ఈ రెండు మెట్లూ సంగీత శాఖ సభ్యుల ఓట్లతోనే. చివరి ఓటు మాత్రం సభ్యులందరిదీ. ఇంకో మాట. ఏటా జనవరి వచ్చేసరికి ‘మన సినిమా ఆస్కార్ బరిలో’ అని వార్తలొస్తాయి. చాలావరకు అది అర్హుల జాబితా. నిబంధన ప్రకారం ఆడి దరఖాస్తు పెట్టిన సినిమాల పేర్లన్నీ అందులో ఉంటాయి. ఏడు రోజులు ఆడినందుకు వచ్చిన చోటది, నామినేషన్ కాదు.

స్వాతిముత్యం 1986లో మన దేశపు అధికారిక ఎంట్రీగా వెళ్ళిన మాట నిజం. తుది అయిదింటిలోకి మాత్రం చేరలేదు. విదేశీ భాషా చిత్రం (ఇప్పటి ‘అంతర్జాతీయ చిత్రం’) విభాగంలో భారత్ తరఫున నామినేషన్ దక్కినవి మదర్ ఇండియా, సలామ్ బాంబే, లగాన్. ఈ మూడే.

శంకరాభరణం సంగతి కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు సగమే. స్వర్ణకమలం అనే జాతీయ పురస్కారం వచ్చింది. అయితే అది ‘సకుటుంబంగా చూడదగ్గ జనరంజక చిత్రం’ విభాగంలో వచ్చింది. ఆ ఏడాది, అంటే 27వ జాతీయ అవార్డుల్లో, ఉత్తమ చిత్రం ‘శోధ్’ అనే హిందీ సినిమా. శంకరాభరణానికి దాంతోపాటు సంగీతానికి కె.వి.మహదేవన్, గానానికి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరామ్ అవార్డులు అందుకున్నారు. ఒకే సినిమాకు నాలుగు. సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైతే 1979 అవార్డుల్లో ఎలా ఉందని కొందరు అడుగుతుంటారు. ఆ అవార్డులకు లెక్క విడుదల తేదీ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీ. జాతీయ ఉత్తమ చిత్రంగా నిలిచిన మొదటి తెలుగు సినిమా బాహుబలి మొదటి భాగం, 2015 సంవత్సరానికి.

బాలు గారి ఆరు అవార్డుల్లో తెలుగువి మూడు: శంకరాభరణం, సాగరసంగమం, రుద్రవీణ. మిగతావి హిందీలో ఏక్ దూజే కే లియే, కన్నడంలో గానయోగి పంచాక్షర గవాయి, తమిళంలో మిన్సార కనవు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో సొంత ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన మనిషి, నాలుగు భాషల్లో దేశంలోనే ఉత్తమ గాయకుడు అనిపించుకున్నాడు. అన్నీ తెలుగుకే అని రాస్తే ఆయన స్థాయిని తగ్గించినట్టు.

ఇక నల్ల పట్టీలు. 1950లలో మన సినిమాలు తీసిన ఫ్రేము వెడల్పు, ఎత్తుకు 1.37 రెట్లు. పాత డబ్బా టీవీ తెర 4:3, అంటే 1.33 రెట్లు. రెండూ దాదాపు సరిపోయేవి కాబట్టి అప్పట్లో ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇప్పటి టీవీ 16:9, అంటే 1.78 రెట్లు. తెర వెడల్పైంది, సినిమా వెడల్పు కాలేదు. 43 అంగుళాల టీవీలో ఒక్కో పక్క దాదాపు నాలుగున్నర అంగుళాలు నల్లగా ఉండటానికి కారణం అదే. అక్కడ దాచిన బొమ్మ ఏమీ లేదు. కెమెరా అక్కడ ఏమీ తియ్యలేదు.

జూమ్ నొక్కితే టీవీ ఆ బొమ్మను పట్టీలు పోయేదాకా పెద్దది చేస్తుంది, తెరలో పట్టని పైభాగాన్నీ కిందిభాగాన్నీ వదిలేస్తుంది. ఎత్తులో దాదాపు 25 శాతం పోతుంది, సమంగా కోస్తే పైన ఎనిమిదో వంతు, కింద ఎనిమిదో వంతు. పౌరాణికాల్లో ఎనిమిదో వంతు అంటే కిరీటం. నృత్యంలో ఎనిమిదో వంతు అంటే పాదాలు, గజ్జెలు. మాయాబజార్‌లో ‘అహ నా పెళ్ళంట’ పాటకు సావిత్రి నడకలో ఘటోత్కచుడు తొంగిచూసే చోట్లుంటాయి. నిలువెత్తు షాట్లో కాళ్ళు కనపడకపోతే ఆమె పెట్టిన కష్టంలో సగం తెలియదు.

‘స్ట్రెచ్’, ‘ఫుల్’, ‘వైడ్’ అనే ఆప్షన్లది ఇంకో రకం నష్టం. ఏమీ కొయ్యరు, అడ్డంగా మూడో వంతు సాగదీస్తారు. సన్నటి మనిషి లావవుతాడు, గుండ్రటి పళ్ళెం కోడిగుడ్డులా కనపడుతుంది.

మీ ఇంట్లో ఏది జరుగుతోందో ఇలా తేల్చుకోండి. తెర మీద గుండ్రంగా ఉండాల్సిన వస్తువును పట్టుకోండి: రథచక్రం, చందమామ, గోడ గడియారం. అది అడ్డంగా సాగి ఉంటే స్ట్రెచ్. గుండ్రంగానే ఉండి, టైటిల్స్‌లో పై వరసో కింది వరసో సగానికి తెగి ఉంటే జూమ్.

తర్వాత టీవీ రిమోట్‌లో సెట్టింగ్స్, పిక్చర్, యాస్పెక్ట్ రేషియో దగ్గరికి వెళ్ళి ‘ఒరిజినల్’ గానీ ‘16:9’ గానీ పెట్టండి. అక్కడే ‘జస్ట్ స్కాన్’ లేక ‘స్క్రీన్ ఫిట్’ ఉంటే ఆన్ చేయండి, అంచుల్లో పోయే రెండు మూడు శాతం కూడా దక్కుతుంది. అప్పటికీ సరికాకపోతే సెట్‌టాప్ బాక్స్ మెనూ చూడాలి. చాలా ఇళ్ళలో గొడవంతా ఇక్కడే: బాక్స్ ఒకసారి సాగదీస్తుంది, టీవీ ఇంకోసారి జూమ్ చేస్తుంది. బాక్స్‌ను ‘పిల్లర్ బాక్స్’ (పక్కల పట్టీలు ఉంచే పద్ధతి) మీద పెట్టి, టీవీని ముట్టుకోకుండా వదిలేయండి.

రెండూ సరిగ్గా ఉన్నా మనుషులు లావుగానే ఉంటే చానలే సాగదీసి పంపుతోందని అర్థం. దానికీ మందుంది. ఆ ఒక్క సినిమాకు టీవీని 4:3లో పెడితే బొమ్మ మళ్ళీ దగ్గరికి వస్తుంది. చానల్ కోసి పంపితే మాత్రం ఏ రిమోటూ తిరిగి తేలేదు. అప్పుడు చానల్‌కు రాయాల్సిందే, తేదీ, టైము, ఏ షాట్‌లో ఏం తెగిందో కూడా రాయాలి. సినిమాస్కోప్ సినిమాలకు, అంటే వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు ఉండేవాటికి, ఇదే లెక్క తిరగబడుతుంది. తెలుగులో మొదటి స్కోప్ చిత్రం 1974 నాటి అల్లూరి సీతారామరాజు. అలాంటివాటికి పట్టీలు పైనా కిందా రావాలి. తెర నిండా కనపడుతున్నాయంటే పక్కల్లో పావు వంతు దాకా పోయినట్టే.

‘ఏడు నిమిషాల కోత’ అన్నదానికి ఒక ఆధారం ఉంది, అర్థం చేసుకోవడంలోనే పొరపాటు. థియేటర్లో ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతుంది. మన దేశపు టీవీ పద్ధతికి 25 కావాలి. సాధారణంగా సినిమాను ఆ కొంచెం వేగం పెంచి నడిపేస్తారు. నూటికి నాలుగు పాళ్ళు త్వరగా అయిపోతుంది, ఒక్క ఫ్రేము కూడా పోకుండానే.

లెక్క మీరే వేసుకోవచ్చు. సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ కనపడినప్పుడు ఆపి నిడివి చూడండి. పాతవాటిలో అడుగుల్లో ఉంటుంది, తర్వాతవాటిలో మీటర్లలో. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, మీటర్లలో దాదాపు 27.4. సర్టిఫికెట్‌లో 16,500 అడుగులుంటే 90తో భాగించండి: 183 నిమిషాల 20 సెకన్లు. దాన్ని 0.96తో హెచ్చిస్తే టీవీలో 176 నిమిషాలు. తేడా ఏడు నిమిషాల చిల్లర. మెసేజ్ రాసినవాళ్ళు పట్టుకున్న ఏడు నిమిషాలు ఇవే. దీనివల్ల నిజంగా జరిగే నష్టం వేరే ఉంది: శబ్దాన్ని సరిచేయకపోతే శ్రుతి కూడా పెరుగుతుంది, హార్మోనియం మీద పక్క మెట్టుకు చేరీచేరనంత. ఘంటసాల గొంతు టీవీలో కాస్త పలచబడినట్టు అనిపిస్తే చెవిది తప్పు కాదు.

అసలు కోత వేరే చోట ఉంది, అది ఏడు నిమిషాలతో ఆగదు. నిబంధన ప్రకారం చానల్ గంటకు 12 నిమిషాలు ప్రకటనలు, సొంత ప్రచారం వేసుకోవచ్చు. సినిమాకు మిగిలేది గంటకు 48. మూడు గంటల స్లాట్‌లో ఆ వాటా పూర్తిగా వాడుకుంటే 144 నిమిషాలే. 176 నిమిషాల సినిమాను అందులో ఇరికించారంటే అరగంటకు పైగా తీసేసినట్టు. అదే సినిమా పూర్తిగా రావాలంటే 3 గంటల 40 నిమిషాలు కావాలి. కార్యక్రమాల పట్టికలో స్లాట్ చూస్తే సినిమా మొదలవకముందే ఈ సంగతి తెలిసిపోతుంది.

మధ్యలో బొమ్మ ఎగిరినప్పుడల్లా చానల్‌నే అనకూడదు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది. ప్రొజెక్టర్‌కు ఎక్కించి దించేటప్పుడు దెబ్బతినేది రీలు మొదలూ చివరా. తెర కుడివైపు పై మూలలో చుక్క మెరిసి, కాసేపటికి మాట సగంలో తెగిందంటే అది రీలు మారే చోటు, ప్రింటు అరిగింది. చుక్కేమీ లేకుండా, ప్రకటనల విరామం అవగానే రెండో చరణం మధ్యలో తేలామంటే అది చానల్ కత్తెర. ఈ రెండింటినీ విడదీసి చెప్తేనే ఫిర్యాదుకు విలువ.

చివరిది రంగు. మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. అంతకు ఏడాది ముందే, 1956లో, ‘అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం’ అనే తమిళ సినిమా పూర్తిగా గేవాకలర్ అనే రంగుల ఫిల్మ్ మీద వచ్చింది. అందులో నాయిక ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి. కాబట్టి మద్రాసులో రంగు లేక కాదు. అది ఖరీదైన వ్యవహారం. తెలుగులో పూర్తి రంగుల చిత్రం 1963 లవకుశ దాకా రాలేదు.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే మాయాబజార్‌ను నలుపు తెలుపుల కోసమే వెలిగించాడు. ‘లాహిరి లాహిరి’లో నీళ్ళ మీద వెన్నెల మనల్ని పట్టి నిలిపేది వెలుగూ చీకటీ మధ్య ఉన్న మెట్లతోనే. 2010 జనవరి 30న వచ్చిన రంగుల ప్రతిలో ఆ మెట్ల మీద రంగు పూశారు, ఏ చీర ఏ రంగో కంప్యూటర్ దగ్గర నిర్ణయించారు. దానికి మించి, ఫ్రేమును స్కోప్‌కు మార్చారు. 1.37 బొమ్మను 2.35 చట్రానికి కోస్తే ఎత్తులో నూటికి 40 పాళ్ళకు పైగా తగ్గాలి. ఆ శ్రమను తక్కువ చేయడం లేదు, దానివల్ల కొత్త తరం థియేటర్‌కు వచ్చింది. కానీ ఒక్కసారే చూసే వీలుంటే చూడాల్సింది నలుపు తెలుపుదే.

అది చూసేటప్పుడు టీవీని ‘వివిడ్’ మోడ్‌లో ఉంచకండి, తెలుపు నీలంగా తిరుగుతుంది. ‘సినిమా’ మోడ్ పెట్టండి, కలర్ సున్నా చేయండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే ఫిల్మ్ మీది సహజమైన నూగు గరుకుగా కదులుతూ కంటికి అడ్డొస్తుంది. మోషన్ పేరుతో ఉన్న ఆప్షన్లన్నీ ఆపేయండి. అవి లేని ఫ్రేములు కల్పించి సినిమాను సీరియల్‌లా చేస్తాయి.