స్థలం లేదా, లేకుండా చేశారా?

ముంబైలో మూతపడ్డ బట్టల మిల్లుల కార్మికులకు నగరానికి దూరంగా, బదలాపూర్ దాటాక ఎక్కడో షేలు, వాంగణిలలో ఇళ్లు చూపిస్తోంది మహారాష్ట్ర ప్రభుత్వం. ముంబైలోనే ఇవ్వాలంటూ 2025 జూలైలో ఆజాద్ మైదానానికి వచ్చినవాళ్లలో ముసలివాళ్లున్నారు, ఇల్లు చూడకుండానే పోయినవాళ్ల పిల్లలున్నారు.

ఇది మనకు పరాయి గొడవ కాదు. ముంబైలోని గిరణ్‌గావ్ అంటేనే మిల్లుల ఊరు. కరీంనగర్, నల్లగొండ నుంచి బొంబాయి పోయిన పద్మశాలీలెందరో అక్కడి చాళ్లలోనే, అంటే ఇరుకు గదుల వరస ఇళ్లలోనే బతికారు. పదడుగుల గదిలో పదిమంది. అందరూ ఒకేసారి పడుకునే జాగా ఉండేది కాదు. రాత్రి షిఫ్టు దిగి, జుట్టు నిండా దూది నూగుతో వచ్చినవాడు, పొద్దుటి షిఫ్టుకు లేచినవాడి చాప మీదే ఒరిగేవాడు.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మెను విరమించినట్టు నేటికీ ఎవరూ ప్రకటించలేదు. పుస్తెలు తాకట్టుకు పోయాయి. కొందరు ఊరి బస్సెక్కారు, కొందరు భీవండి మరమగ్గాల దగ్గర తక్కువ కూలికి కుదిరారు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 1991 నిబంధన ప్రకారం మిల్లు స్థలంలో మూడో వంతు నగరానికి, మూడో వంతు సామాన్యుల ఇళ్లకు, మిగిలిందే యజమానికి. 2001లో దాన్ని సవరించి, ఆ వాటాలు మిల్లులో ఖాళీగా ఉన్న జాగాకే వర్తిస్తాయన్నారు. షెడ్ల కింద ఉన్న నేలంతా లెక్కలోంచి పోయింది. హైకోర్టు తప్పుబట్టినా, 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఈలోపే, 2005లో, మిల్లులు నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌టీసీ (జాతీయ జౌళి సంస్థ) ఒక్క ముంబై టెక్స్‌టైల్ మిల్లు స్థలాన్నే 702 కోట్లకు అమ్ముకుంది.

దరఖాస్తులు లక్ష దాటాయి, నగరంలో అంత స్థలం ఎక్కడుందని అధికారులు అడుగుతున్నారు. ఉన్న స్థలాన్ని సవరణతో తప్పించిన ప్రభుత్వానికి ఆ మాట అనే హక్కు లేదు. మా భయమూ అదే. కాగితం మీద రాసిన సామాన్యుల ఇళ్ల వాటాను ఒక్క సవరణ మింగేయగలిగితే, రేపు మూతపడే ఏ ఫ్యాక్టరీ నేలకైనా ఇదే దారి చూపిస్తారు. అజంజాహీ మిల్లు మూతపడటం చూసిన వరంగల్‌కు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

సవరణకు దొరికిన తీరిక ఇళ్లకు పాతికేళ్లుగా దొరకలేదంటే ప్రభుత్వం సిగ్గుపడాలి. షేలు, వాంగణి మాట పక్కనపెట్టి, ముంబైలో ఎన్‌టీసీ చేతిలో ఇంకా ఎన్ని ఎకరాలున్నాయో ముందు బయటపెట్టండి.