మునిగిన ఓడను అభివృద్ధి చేయడం ఎలా?

గ్రీసులో పెరిస్టెరా అని చిన్న దీవి ఉంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో దాని పక్కన ఓ సరుకు ఓడ మునిగింది. వైన్ పోసిన మట్టి జాడీలు వేలకొద్దీ ఇప్పటికీ అడుగున గుట్టగా పడున్నాయి. 2020లో ఆ చోటును మామూలు స్కూబా డైవర్లకు తెరిచారు. గైడు వెంట దిగాలి, చూడాలి, దేన్నీ ముట్టుకోకుండా పైకి రావాలి. అంత ఆస్తి పెట్టుకుని వాళ్లు చేసిన అభివృద్ధి ఇదీ! అలాంటి ఓడ ఒక్కటి మన విశాఖకిచ్చి చూడమనండి.

అసలు ఆ జాడీలు అన్నాళ్లు నిలిచింది గ్రీకుల క్రమశిక్షణ వల్ల కాదు. అవి 20 మీటర్లకు పైగా లోతులో ఉన్నాయి. అక్కడ ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి మూడు రెట్లు. అంత ఒత్తిడిలో జాడీ మీద ప్రేయసి పేరు చెక్కే ఓపిక వాళ్లకు లేదు. కొండ మీద కలబంద ఆకును కూడా వదలని మనవాళ్లకు ఉంటుంది.

అయితే శిక్షణ పద్ధతి మారాలి. రుషికొండలో నీళ్లలో దించే ముందు చెబుతారు: ఊపిరి బిగపట్టొద్దు, చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదండి. బాగానే ఉన్నామని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలట. బొటనవేలు ఎత్తితే ‘పైకి పోదాం’ అని అర్థమట. మనకేమో సంతోషం వస్తే ముందు లేచేది ఆ వేలే! మొదటి చేప కనపడగానే బావగారు ఆనందంగా బొటనవేలు లేపుతారు. ఇన్‌స్ట్రక్టరు ఆయన్ని భద్రంగా పైకి తెచ్చేస్తాడు. ఇక ఒడ్డున పంచాయితీ: ‘‘డబ్బులు పూర్తిగా తీసుకుని మధ్యలో లేపేశావేంటయ్యా?’’

ఇంకో ఇబ్బంది, నీళ్లలో లోతుకెళ్లేకొద్దీ ఎరుపు రంగు చచ్చిపోతుంది. ఎర్ర టీషర్టు బూడిద రంగులో పడితే ఫొటోకి లైకులెవరు కొడతారు? కాబట్టి జాడీ జాడీకి రంగు లైట్లు, మధ్యలో ‘ఐ లవ్ పురాతన ఓడ’ అని వెలిగే బోర్డు తప్పనిసరి.

మనకు పురాతన ఓడ ఎక్కడిదని కొందరు అడ్డుపడతారు. 1971లో మన తీరంలో మునిగిన ఘాజీ జలాంతర్గామి ఉంది గానీ, అది నావికుల సమాధి. దాని జోలికి వద్దు, ఈ ఒక్క మాటా వెటకారం కాదు. ‘ఎం.వి. మా’ సంగతి వేరు. 2020 అక్టోబరులో గాలివానకు కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ నౌక అది. దాన్ని చూసేందుకు గాలి సిలిండరు కూడా అక్కర్లేకపోయింది, సెల్ఫీ స్టిక్కు సరిపోయింది. రెస్టారెంట్ చేస్తామన్నారు. ఈలోగా తుప్పు ఏ టెండరూ లేకుండానే పని మొదలుపెట్టేసింది. పెరిస్టెరా ఓడ వయసు రావాలంటే ఇంకా 2,400 చిల్లర ఏళ్లు కావాలి, ఆ భారం ఫైలు మీద వదిలేద్దాం.