'బెణుకేలే' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'బెణుకేలే' గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ ఉన్న రెండు పాదాల్లో ఒకటే కుశలం. రెండోది మెట్టు దిగుతూ మడతపడి, బూరెలా పొంగి, తమరి తీర్పు మేరకు బకెట్‌లో వేణ్ణీళ్లు పుచ్చుకుంటోంది.

తమరి వేగం ఏ ల్యాబుకూ లేదు. మనిషి ఇంకా నేలమీదే ఉంటాడు, జారిన చెప్పు ఇంకా మెట్టుమీదే ఉంటుంది, చుట్టూ మూగినవాళ్ల నోట తమరు వెలువడిపోతారు: "బెణుకేలే, నాలుగడుగులు వెయ్!" తమాషా ఏమిటంటే, ఆ నాలుగడుగులే అసలు పరీక్ష. 1992లో కెనడాలోని ఒటావా డాక్టర్లు కట్టిన సూత్రం అది. పడ్డ వెంటనే వేయలేక, ఆసుపత్రికి వచ్చాకా కుంటుతూనైనా నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్-రే తీయాలి. చీలమండకు రెండువైపులా ఉండే బొడిపె ఎముకల వెనక అంచును, కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కుతూ పోవాలి. నొప్పి పుడితే నడవగలిగినా ఎక్స్-రే తప్పదు. చిటికెనవేలి వెంబడి పాదం అంచున వేలు జారిస్తే మధ్యలో ఒక గుబ్బ తగులుతుంది. దాన్నీ, లోపలివైపు పాదం వంపు మీదుండే ఎముకనూ నొక్కి చూడాలి. ఇవేవీ లేకపోతే ఎక్స్-రే డబ్బులు మిగిలినట్టే. చాలాసార్లు నెగ్గేది తమరి మాటే, కాదనం. కాకపోతే ఆ సూత్రం తాకి చెబుతుంది, తమరు తాకకుండానే చెబుతారు.

ఆ పక్క గుబ్బను చిన్నచూపు చూడకండి. బ్రిటిష్ ఎముకల సర్జన్ రాబర్ట్ జోన్స్ డాన్సు చేస్తూ పాదం మడతపెట్టుకుని, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువేదో తెగిందనుకున్నారు. ఎక్స్-రేలో చూస్తే ఆ గుబ్బకు కాస్త ముందు ఎముక విరిగి ఉంది. 1902లో దాని గురించి వ్యాసం రాశారు, ఆ రకం విరుపుకు ఆయన పేరే స్థిరపడింది. ఎముకల డాక్టరుకే తన ఎముక అంతుచిక్కలేదు. తమరికి మాత్రం వీధి చివర నుంచే కనబడిపోతుంది.

షటిల్ ఆడుతుంటే వెనక నుంచి ఎవరో తన్నినట్టు 'టప్'మంటుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అక్కడికీ తమరే హాజరు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటేలా ఉంచి పిక్క పిసకండి. బాగున్న కాలి పాదం కిందికి వంగుతుంది. ఉలుకూ పలుకూ లేకపోతే మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగిందనే అనుమానించాలి. "వేళ్లు ఆడుతున్నాయిగా" అంటారు తమరు. వేళ్లను ఆడించే కండరాలు వేరు స్వామీ.

షుగరు ముదిరి అరికాలి స్పర్శ పోయినవాళ్ల ఇంటికి మాత్రం దయచేసి వెళ్లకండి. అక్కడ నొప్పి సాక్ష్యం చెప్పదు, ఒటావా సూత్రమూ చెల్లదు. ఒక్క పాదమే ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి అంతంతమాత్రంగా ఉంటే అది చార్కాట్ పాదం కావచ్చు. మొదట్లో ఎక్స్-రేలో కూడా ఏమీ కనిపించకపోవచ్చు. వెంటనే ఆ కాలిమీద బరువు ఆపించాలి. తమరి మాట నమ్మి నడుస్తూ పోతే లోపల ఎముకలు చితికి పాదం వంపు కూలుతుంది, అరికాలు పడవ అడుగులా ఉబ్బుతుంది. ఇక ఆ బకెట్ సంగతా? నీళ్లెంత కాగాయో ఆ కాలికి తెలియదు.

సరే, నిజంగా బెణుకే అనుకుందాం. మా పేచీ 'బెణుకు'తో కాదు, చివరున్న ఆ 'లే'తో. బెణుకంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంటు సాగడమో, పోగులు తెగడమో. పాదం ఎక్కువగా లోపలికే మడతపడుతుంది కాబట్టి బయటి బొడిపె ముందున్న లిగమెంటు మొదట దెబ్బతింటుంది. తొలి రెండుమూడు రోజులు వేణ్ణీళ్లు, చింతపండూ ఉప్పూ ఉడికించిన వేడివేడి పట్టు, కాలు పట్టుకుని కటుక్కున లాగడం ఇవన్నీ వాపుకు విందుభోజనాలు. ఐసు గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టొచ్చు. అది నొప్పి తగ్గడానికే. 10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ వేళ్ల మొదలు నుంచి పైకి, చీలమండ దగ్గర 8 అంకెలా, చుట్టుమీద సగం చుట్టు పడేలా కట్టాలి. మడమ వదిలేస్తే వాపు ఆ కిటికీలోంచి తొంగిచూస్తుంది. కాలి గోరు నొక్కి వదిలాక 2 సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోతే కట్టు బిగిసినట్టు.

నొప్పి తగ్గగానే తమరు ఫైలు మూసేస్తారు. అదే కాలు మళ్లీ మళ్లీ మడతపడేది అందుకే. పాదం ఏ వాలులో ఉందో మెదడుకు చేరే కబురు కూడా లిగమెంటుతోపాటే దెబ్బతింటుంది. దానికి మాత్ర లేదు. గోడ పక్కన ఒంటికాలిమీద 30 సెకన్లు నిలబడాలి, కుదిరాక కళ్లు మూసుకుని. బొటనవేలితో గాలిలో అక్షరాలు దిద్దమని కూడా ఫిజియోథెరపిస్టులు చెబుతారు. ఇంగ్లీషువాళ్లు 26తో లేచిపోతారు. మనకు 56, పైగా చాలావరకు గుండ్రాలే. ఌ, ౡ లకు ఇన్నాళ్లకు ఒక ఉద్యోగం దొరికింది.

ఇట్లు,
ఎక్స్-రే గది బయటి బెంచీ

తా.క.: రాత్రి పడుకునేముందు ఆ క్రేప్ బ్యాండేజీ విప్పమనండి. తమరు చెబితే వింటారు.