ఐదో అంతస్తులో లక్ష్మి కూసింది

మార్గశిర మాసపు చలిలో, తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకు, హైదరాబాదు నగరంలో, లిఫ్టూ జనరేటరూ సీసీ కెమెరాలూ ఉన్న మా అపార్ట్‌మెంటు ఐదో అంతస్తు బాల్కనీలో కోడి కూసింది. చరిత్రకు అవసరమవుతుందని వేళతో సహా రాసిపెడుతున్నాను. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న అవ్వ మన సామెతలో ఉంది. పాపం, ఆవిడకు ఊరిమీద కోపం వస్తే కోడిని చంకన పెట్టుకుని ఊరు వదిలి వెళ్లింది. మా ఐదో అంతస్తు రైతుగారికి ఆ అలవాటు లేదు.

రైతుగారు అంటే కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం. 12 మొక్కల సంచులూ ఒక తలపాగా కొన్న రోజున వాట్సాప్‌లో తన పేరు ముందు 'రైతు' అని చేర్చుకున్నారు. శ్రావణ మాసంలో నాలుగు నాటుకోడి పిల్లల్ని తెచ్చారు. నాలుగూ పెట్టలేనని అమ్మినవాడు దేవుడిమీద ప్రమాణం చేశాడట. అంత చిన్న పిల్లల్లో ఏది పెట్టో ఏది పుంజో మామూలు కళ్లకు తెలియదు. దేవుడికి తెలిసినా సంతలో మాట్లాడడు. వాటిలో మూడు పిల్లలు బాల్కనీ గాలికి తట్టుకోలేక పోయాయి. మిగిలినది బొద్దుగా పెరిగింది. గుడ్లు పెట్టి ఇల్లు నింపుతుందని దానికి లక్ష్మి అని పేరు పెట్టారు. నెత్తిమీద ఎర్రటి జుట్టు లేచినప్పుడు 'ఆరోగ్యం' అన్నారు. తోక కొడవలిలా వంగినప్పుడు 'మంచి జాతి' అన్నారు. ఆ తరువాత లక్ష్మి కూసింది.

కోడి ఒంట్లోనే ఒక గడియారం ఉంటుంది, తెల్లవారబోతోందని దానికి ముందే తెలుస్తుంది. వెలుతురు సోకితే మళ్లీ కూస్తుంది. మా సెల్లారు ముందు ఎల్‌ఈడీ దీపం కారు వచ్చినప్పుడల్లా వెలుగుతుంది. మా అపార్ట్‌మెంటులో సగంమందివి రాత్రి ఉద్యోగాలు. కాబట్టి లక్ష్మికి రాత్రికి ఏడుసార్లు తెల్లవారేది.

ఆదివారం పది గంటలకు సెల్లారులో అత్యవసర సమావేశం పెట్టారు. నిబంధనావళిలో కుక్క ఉంది, పిల్లి ఉంది, కోడి లేదు. అది పెంపుడు జంతువా, ఆహార పదార్థమా అన్న దగ్గర సభ రెండుగా చీలింది. జంతువైతే లిఫ్టు ఎక్కడానికి వీల్లేదని ఒక పక్షం. ఆహారమైతే సంచిలో పెట్టి ఎక్కించవచ్చని రెండో పక్షం. కార్యదర్శిగారు ఇదంతా మినిట్స్ పుస్తకంలో 'లక్ష్మి విషయమై చర్చ' అని రాసుకున్నారు. రెండో అంతస్తు లక్ష్మిగారు లేచి ఆ వాక్యం కొట్టివేయాలని పట్టుబట్టారు. రైతుగారు మట్టితో మనిషికి ఉన్న బంధం గురించి పావుగంట మాట్లాడారు. మట్టికీ ఆయనకూ మధ్య నాలుగు అంతస్తులు ఉన్నాయని ఎవరో గుర్తుచేస్తే విననట్టు ఊరుకున్నారు.

భీమవరం నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న మూడో అంతస్తు పెద్దాయన అప్పటిదాకా నోరు విప్పలేదు. "ఒకసారి ఆ పిట్టను కిందకు తెప్పించండి" అన్నారు. తెచ్చాక రెక్క కింద చెయ్యి వేసి ఎత్తారు. కాళ్లు చూశారు, కంటి రంగు చూశారు, మెడ ఈకలు వేళ్లతో విడదీశారు. సభ మొత్తం ఊపిరి బిగబట్టింది.

"డేగ" అన్నారు.

కాకి, డేగ, నెమలి, సేతు అని కోళ్లలో రంగుకో పేరు ఉందనీ, ఏ రోజున ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం తెలుగువాడి సొత్తనీ మా అపార్ట్‌మెంటుకు ఆ రోజు తెలిసింది. బాదం పప్పు పెట్టమన్నారు. రోజూ ఈత కొట్టించమన్నారు. "సంక్రాంతికి ఇంకా ఐదు వారాలు ఉంది" అన్నారు. కోడిపందేలు చట్టరీత్యా నేరమని కార్యదర్శిగారు లేచారు. "పందెం అని నేనన్నానా బాబూ? సంక్రాంతికి ఐదు వారాలు ఉందన్నాను, అంతే" అన్నారు పెద్దాయన.

పండగకు ఊరు వెళ్తూ లక్ష్మిని తోడు తీసుకుపోయారు. తిరిగి ఒక్కరే వచ్చారు. నేనేమీ అడగలేదు.

రైతుగారి ఎరువు గురించి ఎక్కువ రాయను, భోజనం చేసి చదివేవాళ్లు ఉంటారు. 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి 200 లీటర్ల నీళ్లలో కలిపితే జీవామృతం. అది ఎకరం పొలానికి సరిపోతుంది. రైతుగారు 12 సంచులకు ఆ మొత్తం కలిపారు. మిగిలిన ఎకరం వాసన మేము పంచుకున్నాం.

లక్ష్మి పోయిన దుఃఖంలో ఆయన రాట్నం కొన్నారు. మడిచి సంచిలో పెట్టుకునే పెట్టె రాట్నం. నగర శివార్లలోని ఒక తోటలో రెండు గంటల శిక్షణ, రుసుము 2,500 రూపాయలు. నూలు వడకడం ధ్యానమట. కదురు తిరుగుతుంటే మనసు నిలుస్తుందట. ఆదివారం సాయంత్రం పిలిచి వెండి పళ్లెంలో ఆ వారపు దారం చూపించారు. పొడవు 11 అంగుళాలు, లావు దూడను కట్టడానికి సరిపోయేంత. 1924లో బెల్గాంలో జరిగిన కాంగ్రెస్ మహాసభ పార్టీ సభ్యత్వానికి నాలుగణాల బదులు నెలకు 2,000 గజాల నూలు ఇమ్మంది. వారానికి 11 అంగుళాల చొప్పున మా రైతుగారు మొదటి నెల చందా కట్టడానికే 125 ఏళ్లు దాటుతుంది. వడకడం ఇష్టంలేనివాళ్లు ఇంకొకరు వడికిన నూలు ఇవ్వవచ్చని కూడా అప్పుడే వెసులుబాటు పెట్టారు. పెద్దమనుషుల సంగతి ఆనాడే తెలుసన్నమాట.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో దీన్ని ధ్యానం అనరు. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంటు నూలు తీస్తారు. అంటే ఒక పౌను, అర కిలోకు కాస్త తక్కువ బరువు నూలులో 84,000 గజాల దారం. విజయవాడలో ఒక కొస పట్టుకుంటే రెండో కొస ఏలూరు దాటిపోతుంది. వడికేవాళ్లంతా ఆడవాళ్లే, ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. రోజంతా నేలమీద కూర్చుని వడికితే చేతికి వచ్చేది కూలికి పోతే వచ్చే దానికన్నా తక్కువ. అందుకే కూతుళ్లు నేర్చుకోలేదు. నేర్చుకొమ్మని ఏ తల్లి మాత్రం ఏ మొహం పెట్టుకుని అంటుంది?

ఉగాదికి పంచె కొనాలని రైతుగారు నన్ను ఖాదీ దుకాణానికి తోడు తీసుకువెళ్లారు. పొందూరు పంచె వేళ్ల మధ్య నలిపి చూశారు. ధర చూశారు. "ఇంతా? రిబేటు ఏమీ లేదా?" అన్నారు. లేదన్నారు. మడత విప్పిన పంచె అక్కడే వదిలి బయటికి వచ్చేశారు.

తెగిపోయే దారం తీయడానికి 2,500 పోసిన చెయ్యి అది! తెగని దారం తీసిన ముసలమ్మ దగ్గరకు వచ్చేసరికి బిగుసుకుపోయింది. చేతిపనిలో ఆనందం ఉందని మాకు ఉపన్యాసం ఇచ్చిన నోరే రిబేటు అడిగింది. ఆ ఆనందం ఆ ముసలమ్మకు ఎవడూ చెప్పనక్కర్లేదు, ఆవిడకు కావలసినది కళ్లజోడు. నడుం వంగిపోయే దాకా చేసినవాళ్ల పనిని ఆదివారం ఆటగా ఆడుకుంటూ, వాళ్ల సరుకు దగ్గర బేరమాడటానికి సిగ్గుండాలి. దుకాణం మెట్ల మీద ఆ మాట అననందుకు నాకూ ఉండాలి.

నిన్న అసోసియేషన్ వాట్సాప్‌లో సందేశం వచ్చింది. రాట్నం అటక ఎక్కిందట. పాల కోసం మేకను తెస్తున్నారట, సభ్యులు సహకరించాలట. ఏకు మేకైందని పెద్దలు ఊరికే అనలేదు. ఆదివారం పది గంటలకు మళ్లీ సమావేశం.

మూడో అంతస్తు పెద్దాయన అప్పుడే జవాబు పెట్టారు: "పోతో, ఆడదో ఈసారి కొనేముందే చూసుకోండి బాబూ. ఎలాగూ దసరాకు ఊరు వెళ్తాను."