సవరణ: భయపడ్డ కుక్క ముందు చెయ్యి చాపకండి

మొన్నటి పోస్టులో, దెబ్బలు తిని వచ్చిన కుక్కని ఇంటికి తెచ్చుకుంటే ముక్కు దగ్గర చెయ్యి పెట్టండి, మూడు రోజుల్లో అలవాటైపోతుంది అని రాశాను. రెండూ తప్పే. మన వాసన దానికి దూరం నుంచే తెలుస్తుంది, మీదికొచ్చే చెయ్యి మాత్రం దెబ్బలాగే అనిపించొచ్చు. మా దానికి పనిచేసింది వేరు: పక్కకి తిరిగి నేల మీద కూర్చుని, కళ్లలోకి చూడకుండా, ఉడికించిన చికెన్ ముక్క దాని దగ్గరికి విసిరి ఊరుకోవడం. మొదట్లో నేను గదిలోంచి వెళ్లాకే తినేది, తర్వాత ఒకరోజు వెనక కాళ్లు మంచం కిందే ఉంచి, మెడ ఒక్కటే చాచి అందుకుంది. నమ్మకానికి నెలలు పట్టొచ్చు, తొందరపెట్టకండి. గుర్రుమంటే గదమాయించమని కూడా రాశాను, దయచేసి ఆ పని చెయ్యొద్దు. అది హెచ్చరిక, దాన్ని అణిచేస్తే రేపు గుర్రుమనకుండానే కరిచే ప్రమాదం ఉంది.