లాగిన్ ఇస్తే ఏమీ కాదా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కు నా జవాబు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. కర్నూలు నుంచి పాత క్లాస్‌మేట్ పంపాడు, కడప నుంచి పిన్ని కొడుకు పంపాడు, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు పడింది. నిన్న సాయంత్రం మా మేనల్లుడు కూడా పంపాడు. ఇంజనీరింగ్‌లో ఈ ఏడే చేరాడు. "మామా, నువ్వు కంప్యూటర్ సెంటర్‌లోనే కదా ఉండేది, ఇదంతా నిజమేనా?" అని అడిగాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

"యూనివర్సిటీ కంప్యూటర్ల గురించి మీకు ఎవరూ చెప్పని ఎనిమిది నిజాలు" అని దాని పేరు. చివర "ప్రతి విద్యార్థికీ చేరేదాకా షేర్ చేయండి" అని ఉంది. రాసినవాళ్ళ పేరు మాత్రం లేదు.

ఫీజు కట్టాం కాబట్టి ల్యాబ్, నెట్ మన సొంతం, ఎలా వాడినా ఎవరూ అడగకూడదు అన్నది మొదటి నిజమట. ఆర్టీసీ టికెట్ కొన్నవాడు స్టీరింగ్ నాకిమ్మంటే ఇస్తారా? దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మూడోది చదివాక ఒళ్ళు మండింది. "మీ లాగిన్, పాస్‌వర్డ్ స్నేహితులకు ఇవ్వడం తప్పు కాదు. ఏదైనా తేడా వస్తే 'నేను కాదు' అంటే చాలు, ఎవరూ ఏమీ చేయలేరు" అని రాశారు.

అనంతపురంలో ఒక విద్యాసంస్థ కంప్యూటర్ సెంటర్‌లో పదమూడేళ్ళుగా పనిచేస్తున్నాను. "నేను కాదు" అన్న మాట ఎంతవరకు పనికొస్తుందో కళ్ళారా చూశాను. కొన్నేళ్ళ కిందట కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయిని సీనియర్ ఒకడు "రికార్డు ప్రింట్ తీసుకోవాల, నా లాగిన్ పనిచేయడం లేదు, నీది ఇయ్యి" అని అడిగాడు. ఇచ్చింది. వాడు దాంతో ల్యాబ్‌లో కూర్చుని ఇంకో అమ్మాయి ఫోటో పెట్టి దొంగ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచాడు. అందులో రాసిన రాతలు ఇక్కడ చెప్పలేను. ఫిర్యాదు వచ్చింది. ఖాతా మా నెట్ నుంచే తెరిచారని తేలింది. ఎవరి ఐడీతో ఎప్పుడు నెట్ వాడారో తనంతట తానే రాసుకునే రికార్డును లాగ్ అంటాం. ఆ రోజు, ఆ నిమిషానికి మా లాగ్‌లో ఉన్న ఐడీ ఈ అమ్మాయిది.

వాళ్ళ నాన్న పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుని చేతిలోని టికెట్టు ముక్కను మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు. "సార్, మా పాప అట్లాంటిది కాదు" అని నాకు నాలుగుసార్లు చెప్పాడు. ఆ మాట నాకూ తెలుసు, కానీ లాగ్‌కు తెలియదు. సీసీ కెమెరాలో చూద్దామంటే పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోయింది. చివరికి ఆ గంటలో ఆమె వేరే బ్లాకులో ప్రాక్టికల్ పరీక్ష రాస్తోందని, హాజరు షీటులో సంతకం ఉందని దొరికింది. ఆ కాగితం బయటపడడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్ళూ ఆ పిల్ల మెస్‌కు కూడా సరిగా రాలేదట.

చట్టం సంగతీ చెబుతాను. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ కింద 3 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఆ సెక్షన్ వాడినవాడి కోసమే, ఇచ్చినవాళ్ళ కోసం కాదు. కానీ వాడింది ఎవరో తేలేదాకా మొదట పిలిచేది ఐడీ ఎవరిదో వాళ్ళనే. లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. నాలుగు నెలల కిందటి పని కూడా ఐడీతో సహా బయటికొస్తుంది. ఆ రోజు "నేను కాదు" అని ఏడుస్తున్న పిల్ల పక్కన ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి వచ్చి నిలబడతాడా? ఫార్వర్డ్ చేసినవాళ్ళలో ఒక్కరైనా వస్తారా?

మిగతావి త్వరగా చూద్దాం. ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ఎవరికీ ఏమీ తెలియదని రెండోది. ల్యాబ్ సిబ్బంది మీ వాట్సాప్ మెసేజ్‌లన్నీ చదువుతున్నారని ఆరోది. ఒకే మెసేజ్‌లో ఈ రెండూ ఎలా రాశారో! ఇన్‌కాగ్నిటో ఆ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతే. ఏ సైటుకు వెళ్ళారో నెట్‌వర్క్‌లో కనిపిస్తుంది. వాట్సాప్ మెసేజ్‌లు 2016 నుంచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో, అంటే పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప ఎవరూ చదవలేని రహస్య రూపంలో వెళ్తున్నాయి, దారిలో వాటిని మేం చదవలేం. కాకపోతే ల్యాబ్ సిస్టమ్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి లాగౌట్ చేయకుండా భోజనానికి పోతే, తర్వాత కూర్చున్నవాడు చదువుతాడు. అలా వదిలేసినవి నేనే ఎన్నో మూశాను.

చదువు కోసమైతే క్రాక్ సాఫ్ట్‌వేర్‌కు చట్టం ఒప్పుకుంటుందని నాలుగోది. ఒప్పుకోదు. దొంగ కాపీ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 63బీ కింద శిక్ష ఉంది. లాభం కోసం కాకపోతే జైలు లేకుండా 50,000 రూపాయల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకుంది. ఆ వీలును అనుమతి అనుకోవద్దు. అసలు నష్టం వేరే ఉంది. క్రాక్ ఎక్కాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపుతారు. మరునాడు పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి, ప్రాజెక్ట్ రిపోర్ట్ తెరుచుకోక నా టేబుల్ దగ్గరికి వస్తారు. 2017 మేలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు అప్‌డేట్ చేయని విండోస్ సిస్టమ్‌లు దొరికిపోయాయి. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్ కొనలేకపోతే అలాంటివే ఆక్టేవ్, సైల్యాబ్ ఉచితం. ఐఐటీ బొంబాయి వీడియో పాఠాలు, స్పోకెన్ ట్యుటోరియల్స్, తెలుగులో కూడా ఉన్నాయి.

హాస్టల్ గదిలో సొంత రౌటర్ పెట్టుకోవడం మీ హక్కు అంటోంది ఐదోది. ఒకసారి ఆన్‌లైన్ ఇంటర్నల్ పరీక్షకు గంట ముందు ఒక ఫ్లోర్ మొత్తానికి నెట్ పోయింది. గది గదికీ తిరిగితే ఒక మంచం కింద, ట్రంకు పెట్టె వెనక చిన్న రౌటర్ మిణుకుమిణుకుమంటోంది. వైరును బయటి నెట్ వచ్చే వ్యాన్ పోర్టులో పెట్టకుండా, లోపలి కంప్యూటర్లకు నెట్ ఇచ్చే ల్యాన్ పోర్టులో పెట్టాడు. దాంతో ఆ రౌటర్ అందరికీ సొంతంగా ఐపీ అడ్రస్‌లు, అంటే నెట్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఉండే నంబర్లు, పంచడం మొదలుపెట్టింది. ఆ తప్పు నంబర్లతో ఎవరికీ నెట్ రాలేదు. ఒక్క అబ్బాయి హక్కుకు అరవై మంది పరీక్ష టెన్షన్.

జర్నల్స్ (పరిశోధన పత్రికలు) అన్నీ స్క్రిప్ట్ పెట్టి, అంటే తనంతట తానే దించే చిన్న ప్రోగ్రాంతో, దించుకోండి, డబ్బు కట్టినవే కదా అని ఏడోది. ప్రభుత్వ విద్యాసంస్థలకు 2025 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. కావలసిన వ్యాసం కావలసినప్పుడు చదువుకోవడానికే ఆ ఏర్పాటు. రాత్రంతా వేలకొద్దీ దించితే ప్రచురణ సంస్థ మొత్తం క్యాంపస్‌కు తన జర్నల్స్ ఆపేయగలదు. పొద్దున థీసిస్ రాసుకునే అమ్మాయికి పేజీ తెరుచుకోదు.

ఇక ఎనిమిదోది. "నియమాలు ఎవరూ వివరించరు, చేరిన రోజు ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు" అని ఉంది. ఇది నిజం. ఆ కాగితం ఆరు పేజీలు. అడ్మిషన్ల రోజు క్యూలో నిలబడ్డ పిల్లల చేతికి పెన్ను ఇచ్చి "ఇక్కడ, ఇక్కడ" అని వేలితో చూపించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కళ్యాణదుర్గం అమ్మాయి కూడా అలాగే సంతకం పెట్టింది. లాగిన్ ఎవరికీ ఇవ్వొద్దన్న వాక్యం నాలుగో పేజీలో ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. ఈ ఆదివారం కూర్చుని ఆ ఆరు పేజీలను ఒక్క పేజీ తెలుగులో రాశాను. లాగిన్ సంగతి మొదటి వాక్యంగా పెట్టాను. ల్యాబ్ తలుపుకు అంటించడానికి అనుమతి అడిగాను.

మేనల్లుడికి రాత్రి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన పాస్‌వర్డ్ ఇద్దరు రూమ్మేట్ల దగ్గర ఉందని, ఇప్పుడే మారుస్తానని అన్నాడు. మార్చేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.